గది చల్లబడింది, ఉక్క పోలేదు

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "పాత టన్ను ఏసీ తీసేసి రెండు టన్నులది పెట్టించాం. గది ఇట్టే చల్లబడిపోతోంది. కానీ దుప్పటి చెమ్మగా తగులుతోంది, ఒంటి జిడ్డు వదలడం లేదు. మెకానిక్ గ్యాస్ పట్టించాలంటున్నాడు. పట్టించమంటారా?" గది కొలతలు కూడా రాశారు, పది బై పన్నెండు.

వద్దండీ. గ్యాస్ తక్కువైతే గది అంత త్వరగా చల్లబడదు. మీ మిషన్ బాగానే ఉంది, కాకపోతే ఆ గదికి చాలా పెద్దదైంది.

ఏసీ పనితీరు స్థూలంగా అందరికీ తెలిసిందే. గ్యాస్ ఇండోర్ కాయిల్లో ఆవిరవుతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి బయటికి పంపితే, అవుట్‌డోర్ యూనిట్ ఆ వేడిని వీధిలోకి ఊదేస్తుంది. మనకు కావలసిందల్లా ఆ ఇండోర్ కాయిల్. ముందు మూత ఎత్తి ఫిల్టర్లు లాగితే, వెనక సన్నటి అల్యూమినియం రేకులు దగ్గరదగ్గరగా పేర్చి కనిపిస్తాయి. అసలు కథంతా ఆ రేకుల మీదే జరుగుతుంది.

గాలిలోని ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర నీరుగా మారడం మొదలవుతుందో దాన్ని తుషార బిందువు అంటారు. 33 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న కాకినాడ సాయంత్రం అది దాదాపు 27 డిగ్రీలు. కాయిల్ పది, పన్నెండు డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి తగిలిన ఆవిరి తగిలినట్టే నీరైపోతుంది. చల్లటి మజ్జిగ గ్లాసుకు చెమట పట్టినట్టే. అదే మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో 40 డిగ్రీలుండి తేమ 20 శాతమే అయితే, తుషార బిందువు 13 దగ్గర ఆగిపోతుంది. కాయిల్ మీద చేరే నీరు నామమాత్రం. హైదరాబాద్‌లో కూలర్ హాయినిచ్చి, కోస్తాలో ఉక్కను ఇంకా పెంచడానికి కారణం కూడా ఇదే.

ఆవిరి నీరుగా మారడం చిన్న పనేమీ కాదు. ఒక్క లీటరుకు సుమారు 2,450 కిలోజౌళ్ళ వేడిని కాయిల్ లాగేయాలి. డ్రెయిన్ పైపు కింద పెట్టిన బకెట్లో గంటకు రెండు లీటర్లు చేరుతున్నాయంటే, దాదాపు 1.4 కిలోవాట్ల సామర్థ్యం నీళ్ళు పిండటానికే పోతోందన్నమాట. టన్నున్నర ఏసీ మొత్తం సామర్థ్యమే 5.2 కిలోవాట్లు. పావు వంతు శక్తి తేమకు పోతోంది, దానివల్ల థర్మోమీటరు మాత్రం కదలదు!

ఇక్కడే పెద్ద మిషన్ దెబ్బతింటుంది. థర్మోస్టాట్‌కు తెలిసింది ఉష్ణోగ్రత ఒక్కటే. రెండు టన్నుల ఏసీ చిన్న గదిని గబగబా 24కు దించేసి కంప్రెసర్‌ను ఆపేస్తుంది. నీరు దిగడానికి మాత్రం సమయం పడుతుంది. మొదట చేరిన తేమ రేకుల మధ్య సన్నటి పొరగా, బొట్లుగా అంటుకునే ఉంటుంది. బొట్టు బరువెక్కితే జారుతుంది, జారితే ట్రేలో పడుతుంది, ట్రే నుంచి పైపులోకి పోతుంది. సరిగ్గా ఆ లోపే కంప్రెసర్ ఆగిపోయింది. ఫ్యాన్ మాత్రం చాలా మిషన్లలో ఆగదు. తడి కాయిల్ మీదుగా గది గాలిని ఊదుతూనే ఉంటుంది, కాయిల్ వేడెక్కుతుంది, రేకుల మీది నీరు మళ్ళీ ఆవిరై గదిలోకి వచ్చేస్తుంది. కరెంటు పోసి పట్టిన నీటిని అదే మిషన్ మీ దుప్పటి మీదికి పంపుతోంది! ఫ్లోరిడా సౌరశక్తి కేంద్రం పరిశోధకులు దీన్ని కొలిచి, 2006లో వివరమైన నివేదిక ఇచ్చారు. అయినా "పెద్దది తీసుకుంటే నష్టమేముంది సార్" అనే మాట దుకాణాల్లో ఇంకా వినబడుతూనే ఉంది.

ఇన్వర్టర్ ఏసీ నయమే, ఆగకుండా నెమ్మదిగా నడుస్తుంది కనుక. అయితే 24 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గది గాలికి తుషార బిందువు దాదాపు 16. కంప్రెసర్ నెమ్మదించి, ఫ్యాన్ మాత్రం ఫుల్ స్పీడులో తిరిగితే కాయిల్ ఆ 16ను దాటేయగలదు. దాటిందా, చుక్క నీరు దిగదు.

తేమ సంగతి తెలియక పెద్దపెద్దవాళ్ళే పొరబడ్డారు. మూసిన గదిలో ఊపిరాడనట్టు ఉండటానికి మన శ్వాసలోని విషమే కారణమని 1880ల చివర్లో పారిస్‌లో శాస్త్రవేత్తలు బ్రౌన్-సెకార్డ్, దార్సన్వాల్ ప్రకటించారు. శ్వాస నుంచి పట్టిన నీటిని కుందేళ్ళకు ఎక్కిస్తే చచ్చిపోయాయన్నారు. ఇతరులు పరీక్షిస్తే అది నిలవలేదు. 1905లో బ్రెస్లౌలో శాస్త్రవేత్త కార్ల్ ఫ్లూగె బృందం మహా అందమైన ప్రయోగం చేసింది. ఉక్కగా ఉన్న పెట్టెలాంటి గదిలో మనిషిని కూర్చోబెట్టి, గొట్టంతో బయటి గాలి పీల్చనిచ్చారు. ఉపశమనం లేదు. బయట కూర్చున్న మనిషి గొట్టంతో లోపలి గాలి పీల్చాడు. ఏ ఇబ్బందీ లేదు! బాధపడుతున్నది చర్మమని, ఒంటి వేడి బయటికి పోయే దారి మూసుకుపోయిందని తేలిపోయింది.

అసలు ఏసీ పుట్టిందే తేమ కోసం. 1902లో బ్రూక్లిన్‌లోని ఒక అచ్చు కర్మాగారంలో కాగితం తేమకు సాగి రంగులు పక్కకు పడుతుంటే, ఇంజనీరు విల్లిస్ కారియర్ దానికోసం యంత్రాన్ని రూపొందించాడు. ఇప్పుడు మన ఏసీల మీది స్టార్ లేబుల్ చూడండి. సామర్థ్యం ఉంటుంది, ఏడాది కరెంటు ఖర్చు ఉంటుంది, తేమను ఎంత తీస్తుందో ఒక్క ముక్క ఉండదు. కోస్తాలో కొనుక్కునేవాళ్ళకు ఇది అన్యాయం. 2018లో మొదలై 2021లో విజేతలను ప్రకటించిన గ్లోబల్ కూలింగ్ ప్రైజ్ పోటీలో గదిని 27 డిగ్రీల లోపు, 60 శాతం తేమ లోపు ఉంచాలని షరతు పెట్టారు. ఆ రెండో అంకె మన లేబుల్ మీదికి ఎందుకు రాకూడదు?

ఇక మీ ఏసీ సంగతి. ఫ్యాన్ తక్కువ స్పీడులో పెట్టండి, కాయిల్ మరింత చల్లగా ఉంటుంది, మిషన్ ఎక్కువసేపు నడుస్తుంది. ఉక్క ఎక్కువున్న రాత్రుల్లో డ్రై మోడ్ వాడండి. తలుపు కింద సందు మూయండి, ఎందుకంటే సముద్రపు గాలి చొరబడినంత కాలం తేమ తీరదు. ఫిల్టర్లు కడగండి, డ్రెయిన్ పైపులో పాచి చేరకుండా చూడండి, ఉప్పు పట్టిన అవుట్‌డోర్ రేకులను మంచినీళ్ళతో కడిగించండి. మళ్ళీ కొనేటప్పుడు, కంప్రెసర్ ఆగినప్పుడు ఫ్యాన్ కూడా ఆగుతుందా అని తప్పకుండా అడగండి. ఒక రాత్రి ఫుల్ స్పీడులో, మర్నాడు తక్కువ స్పీడులో, డ్రెయిన్ పైపు కింద గంటసేపు సీసా పెట్టి నీళ్ళు కొలవండి. రెండు అంకెలూ మాకు రాసి పంపితే వచ్చే నెల అచ్చువేస్తాం.