మోటారు కారు గొంతుక: ఇంటివద్ద శుభ్రపరచు విధము

మన పాఠశాలకు పిల్లలను పంపు తల్లిదండ్రులలో బాడుగ కార్లు నడిపి జీవించువారు కొందరు కలరు. బళ్లారి నుండి గుంతకల్లునకో, ఆలూరునకో, రాయదుర్గమునకో తిరుగు బండి ఒక్క దినము నిలిచిపోయినచో ఆ దినమున ఆ యింటికి రాబడి లేదు. అట్టివారిలో ఒకరు ఇటీవల తమ కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చి, "సార్, మా పిల్లోనికి సైన్సు తెలుగులోనే చెప్తారు గదా! సిగ్నల్ కాడ నిలిపితే చాలు, బండి ఆగిపోతాంది. ఎందుకో వీడు చెప్పగలడా?" అని అడిగిరి.

ఆయన నవ్వుచునే అడిగిరి. కాని పదవ తరగతి చదువు ఆ బాలుడు తల వంచుకొనెను. తప్పు వానిది కాదు. మేము చెప్పలేదు గనుక వానికి తెలియలేదు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగున నున్న ఆంధ్రప్రదేశమున. అచ్చట ఛందస్సును, వ్యాకరణమును బోధించు విధము నేర్చితిమే గాని, బానెట్టు క్రింది సంగతులను తెలుగున చెప్పవలసి వచ్చునని తలంపలేదు. ఆ లోటు తీర్చుటకే ఈ వ్యాసము.

పెట్రోలు ఇంజను గాలి పీల్చి బ్రదుకును. ఒక కిలోగ్రాము పెట్రోలు సరిగా మండుటకు సుమారు 14.7 కిలోగ్రాముల గాలి కావలెను. యాక్సిలరేటరు త్రొక్కినప్పుడు పెట్రోలు పోయుచున్నామని మనమందరము అనుకొందుము. నిజమునకు మన పాదము తెరచునది గాలి త్రోవను. ఎంత గాలి లోనికి పోయినదో కొలిచి, దానికి తగినంత పెట్రోలును చిమ్ము పని నేటి కార్లలో చిన్న కంప్యూటరు చేయును. పూర్వపు అంబాసిడరు, పద్మిని కార్లలో గాలిని, పెట్రోలును కలుపు పనియంతయు కార్బొరేటరు అను ఒక్క పరికరమే చేసెడిది. 2000వ సంవత్సరము నుండి పొగ నియమములు కఠినమైన కొలది, పెట్రోలు చిమ్ము పద్ధతి మన దేశపు కార్లలో వ్యాపించెను.

గాలి త్రోవను తెరచి మూయు భాగమునకు థ్రాటిల్ బాడీ అని పేరు. థ్రాటిల్ అను మాట ఇంగ్లీషున గొంతుకకు గల పేరునుండియే పుట్టినది. కావున మనము దానిని కారు గొంతుక అనిన తప్పులేదు. ఇది ఒక లోహపు గొట్టము. గాలిని వడకట్టు ఎయిర్ ఫిల్టరునకును ఇంజనునకును నడుమ నుండును. గొట్టము మధ్య ఒక సన్నని ఇరుసుపై గుండ్రని రేకు తిరుగుచుండును. ఇరుప్రక్కల రెక్కలవలె నుండుటచే దీనికి సీతాకోకచిలుక పేరు పెట్టిరి. తుంగభద్ర కాలువ తూమును చూడని వారు మనలో లేరు. తలుపు ఎత్తిన కొలది నీరు పారును, దించిన కొలది తగ్గును. ఈ రేకు గాలికి అట్టి తూము తలుపు.

బండి సిగ్నలు వద్ద నిలిచి, ఇంజను మాత్రము తిరుగుచున్నప్పుడు రేకు దాదాపుగా మూసికొనియుండును. అప్పుడు ఇంజను నిమిషమునకు సుమారు 700 నుండి 900 చుట్లు తిరుగుచుండును. దానికి కావలసిన కొద్దిపాటి గాలి, రేకు అంచున గల సన్నని సందునుండి గాని, ప్రక్కనుండు చిన్న దారినుండి గాని పోవును. ఆ సందున మసి పేరినచో గాలి చాలదు. కొంతవరకు కంప్యూటరు రేకును మరికొంచెము తెరచి సర్దుకొనును. అది మితిమీరినప్పుడు ఇంజను వణకును, ఏసీ వేసినంతనే ఆగిపోవును. వేగముగ పోవునప్పుడు తలుపు బాగుగా తెరచియుండును గనుక ఆ లోపము కానరాదు.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. మన జిల్లాలో ఏ యంత్రము చెడినను సండూరు గనుల ఎర్రదుమ్మును నిందించుట వాడుక. దుమ్ము ఎక్కువయే. కాని దానిని ఆపుటకు ఎయిర్ ఫిల్టరు కలదు. గొంతుకలో పేరునది నల్లని జిడ్డు మసి. అది వెలుపలనుండి వచ్చునది కాదు. ఇంజను అడుగుభాగమున పుట్టు నూనె ఆవిరిని వెలుపలికి వదలక మరల గాలి త్రోవలోనికే పంపుదురు. ఆ ఆవిరి రేకుపై పడి క్రమముగా గట్టిపడును. కావున లోపల నల్లజిడ్డు కనబడినచో శుభ్రపరచిన చాలును. ఎర్రని గరుకు ధూళి కనబడినచో ఫిల్టరు చిరిగినదనియో, గొట్టము పగిలినదనియో తెలిసికొనవలెను. అప్పుడు తుడుచుట మాత్రము చాలదు. ఆ ధూళి సిలిండరులను అరగదీయును.

ఇక పని చేయు విధము. పిల్లలు ఒంటరిగా దీనిని చేయరాదు. పెద్దలు చేయుచుండగా ప్రక్కన నుండి చూడవలెను. కారుతో వచ్చిన చేతిపుస్తకమును ముందుగా చదువవలెను. వారంటీ గడువు తీరని బండిని సర్వీసు కేంద్రమునకే తీసికొనిపోవుట మేలు.

1. బండిని నీడలో, గాలి ధారాళముగా వీచు బయలున నిలుపవలెను. ఇంజను పూర్తిగా చల్లారవలెను. శుభ్రపరచు ద్రవము ఇట్టే మండునది గనుక బీడీ, అగ్గిపుల్ల దరికి రాకూడదు. చేతి తొడుగులు, కంటి అద్దములు ధరింపవలెను.

2. తాళపుచెవి తీసి దూరముగ ఉంచవలెను. నేటి కార్లలో రేకును చిన్న మోటారు త్రిప్పును. తాళము వేసియున్నచో అది హఠాత్తుగా కదలి వ్రేలిని నలుపగలదు.

3. ఫిల్టరు నుండి వచ్చు రబ్బరు గొట్టపు క్లిప్పును స్క్రూడ్రైవరుతో వదులు చేసి గొట్టమును తీయవలెను. తీయుటకు ముందు ఫోనుతో ఒక ఫోటో తీసికొనినచో తిరిగి బిగించునప్పుడు తికమక యుండదు.

4. థ్రాటిల్ బాడీ కొరకే అమ్ము ద్రవమును కొనవలెను. కార్బొరేటరు ద్రవము ఘాటైనది, లోపలి పూతను చెరపవచ్చును. ద్రవమును లోనికి చిమ్మక, మెత్తని నూలుగుడ్డపై చిమ్మి, దానితో రేకు అంచును, గొట్టపు లోగోడను తుడువవలెను. మొండి మసికి పాత పళ్లబ్రష్షు చాలును. ఇసుకకాగితము, కత్తి పనికిరావు.

5. మోటారుతో తిరుగు రేకును వ్రేలితో బలవంతముగ తెరవరాదు. లోపలి పండ్లచక్రములు విరుగవచ్చును. తీగలున్న సెన్సారులపై ద్రవము పడరాదు.

6. తడి ఆరిన పిమ్మట గొట్టమును యథాస్థానమున అమర్చి క్లిప్పును గట్టిగా బిగింపవలెను. అచ్చట సందు మిగిలినచో కొలతకు అందని గాలి, దానితో దుమ్మును, లోనికి పోవును.

మొదటిసారి స్టార్టు చేసినప్పుడు ఇంజను కొంత తడబడవచ్చును, లేదా మునుపటికంటె వేగముగా తిరుగవచ్చును. మసి యున్న కాలమున కంప్యూటరు రేకును ఎక్కువ తెరచుటకు అలవాటుపడినది గదా! పెక్కు కార్లలో కొలది దినముల ప్రయాణముతో అది కొత్త కొలతను నేర్చుకొనును. కొన్నింటికి మెకానిక్కు స్కానరుతో సరిచేయవలెను. హెచ్చరిక దీపము వెలుగుచున్నను, వణకు తగ్గకున్నను లోపము వేరొక చోట నున్నదని తెలిసికొనవలెను. అప్పుడు స్పార్కు ప్లగ్గులను, సెన్సారులను పరీక్షింపజేయవలెను.

ఆ ఆదివారమున మేము, ఆ తండ్రికొడుకులు కలసి ఈ పని చేసితిమి. తండ్రి గొట్టము విప్పిరి, బాలుడు టార్చిలైటు పట్టెను. రేకు చుట్టును నల్లని వలయము కనబడెను. మేము నోరు తెరువక మునుపే బాలుడు, "నాయనా, ఇది తూము కాడ ఒండ్రు పేరినట్టుంది. తలుపు మూసినప్పుడు పోవాల్సిన కొంచెం గాలి గూడ పోలేదు, అందుకే బండి ఆగిపోతాంది" అనెను. తండ్రి మాట్లాడక గుడ్డను కొడుకు చేతికిచ్చి, తాను టార్చి అందుకొనిరి. రెండు దినములు ఇంజను కొంత వేగముగ తిరిగి, పిమ్మట కుదుటపడెను. ఇప్పుడు సిగ్నలు వద్ద ఆగిపోవుట లేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయెను, బళ్లారి మైసూరున చేరెను. నాటినుండి ఇచ్చటి తెలుగువారము అల్పసంఖ్యాకులము. కన్నడము మన రాష్ట్రభాష. దానిని చక్కగా నేర్వవలెను, ఇంగ్లీషును నేర్వవలెను. కాని యింట మాటలాడు భాషలో ఒక సంగతి అర్థమైనచో, దానిని మరి రెండు భాషలలో చెప్పుట కష్టము కాదు. తల్లిదండ్రులు తమ వృత్తిలోని చిక్కుప్రశ్నలను మాకు పంపగోరెదము. సమాధానము తెలియనిచో, పిల్లలతో కలసి మేమును నేర్చుకొందుము.