కంప్యూటర్‌ను నడిపేది ఎవరు?



ఈ పాఠం కంప్యూటర్ గురించి. "మనకెందుకమ్మా కంప్యూటర్?" అనుకోకండి. పిల్లల చదువు కోసం చాలా ఇళ్లలోకి పాత కంప్యూటరో, ల్యాప్‌టాపో వస్తోంది. సంఘం లెక్కలు కూడా అందులో రాసుకోవచ్చు. కష్టపడి కూడబెట్టిన డబ్బుతో కొంటాం. మరి దాని సంగతి మనకూ తెలియాలి కదా!

శంషాబాద్‌లో ఏం జరిగింది?

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అక్కడ చాలా పనులు కంప్యూటర్ల మీదే నడుస్తాయి.

2024 జులై 19. శుక్రవారం. ఆ రోజు ప్రపంచమంతటా ఎన్నో కంప్యూటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. తెర నీలం రంగుకు మారింది. ఎన్ని కంప్యూటర్లు? సుమారు 85 లక్షలు! విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి.

శంషాబాద్‌లోనూ ఆ దెబ్బ తగిలింది. విమానం ఎక్కడానికి బోర్డింగ్ పాస్ అనే చీటీ ఉండాలి. రోజూ దాన్ని మిషను అచ్చు వేసి ఇస్తుంది. ఆ రోజు మిషను పని చేయలేదు. అప్పుడు సిబ్బంది ఏం చేశారు? పెన్ను పట్టుకున్నారు. కొందరికి చీటీలు చేత్తో రాసి ఇచ్చారు. హైదరాబాద్ నుంచి కలకత్తా వెళ్లే ఒక ప్రయాణికుడికి ఇచ్చిన చేతిరాత చీటీ ఫొటో దేశమంతా చూసింది.

చూశారా! అంత పెద్ద విమానాశ్రయంలో కూడా చివరికి చేతిరాతే ఆదుకుంది.

అసలు ఎందుకు ఆగాయి? ఆ కంప్యూటర్లన్నీ విండోస్ అనే ఆపరేటింగ్ సిస్టం మీద నడిచేవి. వాటికి కాపలాగా క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉంది. ఆ కంపెనీ పంపిన ఒక కొత్త ఫైల్‌లో తప్పు ఉంది. దాంతో విండోస్ కదలలేదు. విండోస్ కదలకపోతే మిగతా పనులూ ఆగిపోయాయి.

ఆపరేటింగ్ సిస్టం అంటే ఏమిటి?

ఇంట్లో పొయ్యి ఉంది, గిన్నెలున్నాయి, బియ్యం ఉన్నాయి. అంత మాత్రాన అన్నం వండుకుంటుందా? ఇల్లు నడిపే మనిషి కావాలి. ఏ డబ్బాలో ఏముందో ఆమెకే తెలుసు. ఎవరికి ముందు పెట్టాలో, ఎవరికి తర్వాత పెట్టాలో ఆమే చూస్తుంది.

కంప్యూటర్‌లో ఆ మనిషి లాంటిదే ఆపరేటింగ్ సిస్టం. ఫొటో ఎక్కడ దాచాలి, ముందు ఏ పని చెయ్యాలి, ప్రింటర్‌తో ఎలా మాట్లాడాలి అన్నీ అదే చూస్తుంది. అది లేకపోతే కంప్యూటర్ ఉత్త పెట్టె.

ఏది ఎంచుకోవాలి?

ముఖ్యంగా రెండు దారులున్నాయి.

ఒకటి విండోస్. ఇది మైక్రోసాఫ్ట్ కంపెనీది. చాలా మందికి అలవాటైంది. నేర్పేవాళ్లు, బాగు చేసేవాళ్లు సులువుగా దొరుకుతారు. కానీ దీనికి డబ్బు కట్టాలి. కొత్త కంప్యూటర్లు చాలా వరకు విండోస్‌తోనే వస్తాయి. దాని ఖరీదు అందులోనే కలిసి ఉంటుంది. పాతది కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కొన్ని పాత కంప్యూటర్లలో ఎక్కదు. కొనే ముందే "ఇందులో ఏముంది? విండోస్ 11 ఎక్కుతుందా?" అని అడగండి.

రెండోది లినక్స్. ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీన్ని 1991లో మొదలుపెట్టాడు. తర్వాత ఎందరో చేయి కలిపారు. ఉబుంటు, మింట్, డెబియన్ ఇవన్నీ లినక్స్ రకాలే. వీటిని డబ్బు కట్టకుండా తెచ్చుకోవచ్చు. పది మందికీ పంచవచ్చు. అది తప్పు కాదు. తేలికపాటి రకాలు పాత కంప్యూటర్లలో కూడా నడుస్తాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ డెబియన్‌ను ఆధారం చేసుకుని తెలుగులో ఆపరేటింగ్ సిస్టం తయారు చేసింది.

లినక్స్‌లో చిక్కులు లేవా? ఉన్నాయి. విండోస్ కోసం చేసిన కొన్ని సాఫ్ట్‌వేర్లు అందులో నడవవు. అందరు మెకానిక్‌లకూ అది తెలియదు.

కాబట్టి ముందు పని చూసుకోండి. పిల్లల కాలేజీలో విండోస్ సాఫ్ట్‌వేరే కావాలన్నారా? విండోస్ తీసుకోండి. ఉత్తరాలు, లెక్కలు, ఇంటర్నెట్ చాలా? పాత కంప్యూటరా? లినక్స్ చూడండి.

"ఫ్రీగా విండోస్ వేసి ఇస్తా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది దొంగ కాపీ కావచ్చు. దానితో పాటు వైరస్ కూడా ఇంట్లోకి రావచ్చు. ఏది కొన్నా బిల్లు అడగండి.

ఎలా ఎక్కించాలి?

1. ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు, సంఘం లెక్కలు ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. తెరిచి చూసుకోండి. తర్వాత దాన్ని తీసి పక్కన పెట్టండి.

2. ఇంకో పెన్‌డ్రైవ్ తీసుకోండి. 8 జీబీ ఉంటే చాలా రకాలకు సరిపోతుంది. ఆపరేటింగ్ సిస్టంను దాని సొంత వెబ్‌సైట్ నుంచే తెచ్చి ఇందులో ఎక్కించాలి. అప్పుడు ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. అందుకే రెండు కావాలి.

3. కంప్యూటర్‌ను ఈ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టాలి. ఏ బటన్ నొక్కాలో ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది. తెలిసినవాళ్లను అడగండి.

4. ఉబుంటు, మింట్ లాంటి వాటిని ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. చీర కొనే ముందు విప్పి చూస్తాం కదా, అలాగే. శబ్దం వస్తోందా, ఇంటర్నెట్ వస్తోందా చూడండి.

5. నచ్చితే ఎక్కించండి. "డిస్క్ మొత్తం చెరిపేయాలా?" అని అది అడుగుతుంది. ఇక్కడ ఆగండి. సరే అంటే పాతదంతా పోతుంది. మొదటి పెన్‌డ్రైవ్ భద్రంగా ఉందని చూసుకున్నాకే సరే అనండి.

6. మధ్యలో కరెంటు పోకూడదు. ల్యాప్‌టాప్ అయితే ముందే నిండా చార్జింగ్ పెట్టండి.

7. పాస్‌వర్డ్ పెట్టండి. తెలుగు కీబోర్డు కలపండి. అప్‌డేట్లు వేయండి.

తర్వాత జాగ్రత్తలు

శంషాబాద్ సంగతి విన్నాక "అయితే అప్‌డేట్లు మానేద్దాం" అనిపించవచ్చు. మానొద్దు. అప్‌డేట్లు చాలా వరకు దొంగలు దూరే కంతలను పూడుస్తాయి. కానీ ఏ యంత్రమైనా ఒక రోజు ఆగవచ్చు. అందుకే ముఖ్యమైనవి రెండు చోట్ల దాచండి. సంఘం లెక్కలు పుస్తకంలో కూడా రాయండి.

"మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, డబ్బు కట్టండి" అని ఫోన్ వస్తే నమ్మకండి. పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఆలోచించి చెప్పండి

1. శంషాబాద్‌లో మిషన్లు ఆగినప్పుడు చీటీలు ఎలా ఇచ్చారు?
2. రెండు పెన్‌డ్రైవ్‌లు ఎందుకు కావాలి?
3. మీ సంఘం లెక్కలు ఎన్ని చోట్ల రాసి ఉన్నాయి? ఈ వారమే చూసి రండి.