చేప విత్తనములో కల్తీని కనిపెట్టుటెట్లు?

వరిలో కేళీలు కలిసినచో వెన్ను తీయగానే గుర్తించి పెరికివేయుదురు. చేప విత్తనములో కల్తీ అంత సులభముగా కనబడదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, వీని సంకరములు సన్నపిల్లల దశలో కంటికి ఇంచుమించు ఒకేరీతిగా నుండును. బొచ్చె పైనీటి మేతను, శీలావతి నడినీటి మేతను, ఎర్రమోసు అడుగు మేతను తినును. ఏ రకము ఎంత వదలితిమో తెలియనిచో ఈ లెక్క తప్పి రైతు నష్టపోవును.

కల్తీ ఎట్లు కలుగును? 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురిగారు పీయూషగ్రంథి సారమును సూదితో ఎక్కించి ఈ చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి విత్తనమునకు నదినే నమ్ముకొను అవసరము తగ్గినది. కాని వేర్వేరు జాతులను ఒకే తొట్టిలో వదలినచో ఒకదాని గ్రుడ్లు వేరొకదాని బీజముతో కలిసి సంకరములు పుట్టును.

ప్రతి జీవకణములోను జాతిలక్షణములను మోయు సన్నని పోగులవంటి క్రోమోసోములు గలవు. పిల్లకు సగము తల్లినుండి, సగము తండ్రినుండి వచ్చును. బంగారుతీగకు ఇవి సుమారు 100. శీలావతికి 50. ఈ రెంటికి పుట్టిన పిల్లలు సాధారణముగా గొడ్డుపోవును గనుక కల్తీ అంతటితో ఆగును. కాని బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మూడింటికిని 50 చొప్పుననే యున్నవి. వీని సంకరమునకును 50 ఉండును. అది మరల గ్రుడ్లు పెట్టి కల్తీని తరతరములకు వ్యాపింపజేయును.

కావున ఇచట క్రోమోసోములను లెక్కించిన చాలదు. రెక్క ముక్కను కొంచెము కోసి, సారాయి స్పిరిటులో నిలువచేసి, డి.ఎన్.ఏ. పరీక్ష చేయించవలెను. మైటోకాండ్రియా పరీక్ష తల్లి జాతిని మాత్రమే తెలుపును. తండ్రి జాతికి కణకేంద్రపు డి.ఎన్.ఏ.ను కూడ చూడవలెను. ఇట్టి పరిశోధనలకు 1983లో జాతీయ మత్స్య జన్యువనరుల సంస్థ ఏర్పడినది; నేడు అది లక్నోలో ఉన్నది.

విత్తనము తీయువారు గమనింపవలసినవి:

1. తల్లిచేపలను జాతివారీగా వేరు చెరువులలో పెంచుడు.

2. ఒక తొట్టిలో ఒక్క జాతినే వదలుడు.

3. నోరు పరిశీలింపుడు. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తిరిగియుండును, మీసములుండవు. శీలావతి క్రింది పెదవికి కుచ్చులుండును. ఎర్రమోసు పెదవులు కుచ్చులు లేక నున్నగానుండును. రెండు జాతుల పోలికలు కలిసిన చేపను తల్లిచేపగా ఉంచక అమ్మివేయుడు.

పంచాయతీ చెరువులకు పిల్లలు కొను గ్రామాధికారులు ధరతోపాటు తల్లిచేపలను ఎట్లు ఉంచినారో కూడ విచారింపవలెను. వీలైనచో తల్లిచేపలను స్వయముగా చూచి కొనుట మేలు.