పాట వెనక కరెంటు రొద

శివరాత్రికి కీసరగుట్ట జాతర జరుగుతుంది. మైకుసెట్టు స్విచ్ వేస్తారు. ఇంకా ఎవరూ మాట్లాడరు. అయినా స్పీకరు "గుంయ్" అని మోగుతుంటుంది. జాతరలో జనం సందడి ఎక్కువ. ఆ చప్పుడు అందులో కలిసిపోతుంది. కంప్యూటర్‌లో పాట రికార్డు చేసేటప్పుడు ఇదే చప్పుడు వస్తే మాత్రం కష్టం. పాట ఉన్నన్ని రోజులూ వెనక ఆ రొద ఉంటుంది.

ఈ రోజుల్లో ఆడవాళ్లు చాలాచోట్ల తమ పాటలు తామే రికార్డు చేసుకుంటున్నారు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియో ఉంది. 2008 అక్టోబరు 15న దాన్ని ప్రారంభించారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవాళ్లు దాన్ని నడిపారు. పొలం పనులు చేసే ఆడవాళ్లే మైకు పట్టడం, రికార్డు చేయడం నేర్చుకున్నారు. ముసలవ్వల నోట ఉన్న పాటలు ఇలా నిలుస్తాయి. అవ్వ ఒక్కసారే పాడవచ్చు. ఆ ఒక్కసారి పాడైతే మళ్లీ దొరకదు.

ఇంతకీ ఆ రొద ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంటి కరెంటు ఒకే వైపు పారదు. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. అమెరికాలో 60 సార్లు ఊగుతుంది. ఈ ఊగుడే మనకు గుంయ్ అని వినిపిస్తుంది. ఇంటి కరెంటు 230 ఓల్టులు. మైకు తీగలో వచ్చే కరెంటు చాలా తక్కువ. ఒక ఓల్టును వెయ్యి ముక్కలు చేస్తే అందులో కొన్ని ముక్కలంత. కంప్యూటర్ ఆ చిన్న కరెంటును ఎన్నో రెట్లు పెంచుతుంది. పక్కనే కరెంటు తీగ ఉంటే దాని ఊగుడు మైకు తీగలోకి దూరుతుంది. పాటతో పాటు అదీ పెరుగుతుంది.

కీసరలో ఒక సంఘం ఆడవాళ్లు బతుకమ్మ పాటలు రికార్డు చేస్తున్నారు అనుకుందాం. పాట మొదలుపెట్టే ముందు అందరూ ఒక నిమిషం నోరు మూసుకోవాలి. ఆ నిమిషం రికార్డు చేయాలి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని వినాలి. రొద ఉంటే ఒక్కొక్కటిగా తీసి చూడాలి. అన్నీ ఒకేసారి తీస్తే దొంగ ఎవరో తెలియదు.

"అక్కా, ఆ చార్జరు జర తీయరాదే."

"తీసిన. ఇప్పుడు విను."

ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు రొద ఆగిందా? అయితే చార్జరు దారిలోనే వస్తోంది. బ్యాటరీ మీదనే రికార్డు చేసుకోవచ్చు. ఆగకపోతే ఫ్యాను ఆపాలి. చిన్న రెగ్యులేటరు ఉన్న ఫ్యాన్లు జుయ్‌మని గోల చేస్తాయి. తర్వాత ట్యూబులైటు, ఫ్రిజ్. పక్కింట్లో మిక్సీ నడిస్తే చిటచిటమని వస్తుంది. అది అయిపోయేదాకా ఆగడమే మేలు. సెల్‌ఫోను దగ్గరుంటే "టిక్ టిక్ డ్రర్" అని వస్తుంది. దాన్ని దూరం పెట్టాలి.

మైకు తీగను కరెంటు తీగతో కలిపి చుట్టకూడదు. రెండూ పక్కపక్కన పోకూడదు. దాటక తప్పకపోతే కూడలిలో రోడ్లలా అడ్డంగా దాటించాలి.

ఇంకొక కారణం ఉంది. ఇది తొందరగా దొరకదు. కంప్యూటర్‌కు ఒక గదిలో కరెంటు, మైకు పెట్టెకు ఇంకో గదిలో కరెంటు తీసుకున్నారు. రెండింటి ఎర్తు వేరు వేరు దారుల్లో పోతుంది. మధ్యలో పాట తీగ రెండింటినీ కలుపుతుంది. ఇలా ఒక గుండ్రటి దారి ఏర్పడి అందులో కొంచెం కరెంటు తిరుగుతుంది. ఆ కరెంటే రొద పుట్టిస్తుంది. రెండు ప్లగ్గులనూ ఒకే బోర్డుకు పెడితే చాలావరకు పోతుంది. ఆ బోర్డుకు ఎర్తు తప్పకుండా ఉండాలి.

ఇక్కడే కొందరు ఒక చెడ్డ సలహా ఇస్తారు. "మూడో పిన్ను విరిచేయండి, రొద పోతుంది" అంటారు. నిజమే, ఒక్కోసారి పోతుంది. కానీ మూడు పిన్నుల్లో పైన లావుగా, పొడుగ్గా ఉండేది ఎర్తు పిన్ను. లోపల తీగ తెగి ఇనుప పెట్టెకు తగిలితే కరెంటు ఆ పిన్ను దారిలో నేలలోకి పోతుంది. పిన్ను లేకపోతే పెట్టె ముట్టుకున్న మనిషి ఒంట్లో నుంచి పోతుంది. మైకు పట్టుకున్న చేతికీ ఆ కరెంటు రావచ్చు. పాట కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏం తెలివి?

మైకు గానీ, పెట్టె గానీ ముట్టుకుంటే జిల్లుమన్నదా? ముట్టుకోవడం ఆపాలి. మెయిన్ స్విచ్ ఆపాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు చూపించాలి. ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి కడ్డీ పాతుతారు. ఎండాకాలంలో నేల ఎండిపోతే ఎర్తు సరిగా పనిచేయదు. రాతినేల అయితే ఇంకా కష్టం. అప్పుడప్పుడు ఆ గుంతలో నీళ్లు పోయాలి.

రికార్డు అయిన తర్వాత రొదను కంప్యూటర్‌లో తగ్గించవచ్చు. అలా చేస్తే గొంతు కూడా కొంత పలచబడుతుంది. అందుకే ఆ ఒక్క నిమిషం ముందే విని చూసుకోవాలి. పని అయ్యాక ఫ్రిజ్ స్విచ్ మళ్లీ వేయండి. లేకపోతే పాలు విరుగుతాయి.