తాళం ఎవరిని కాపాడుతుంది?



పోయిన వేసవి సెలవుల్లో నేను ముద్దనూరులో మా మేనమామ ఇంట్లో ఉన్నాను. మామ ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. లెక్కలంటే ఇప్పుడు లావు పుస్తకం కాదు, కంప్యూటర్‌లో టాలీ. 1986లో మొదలైన మన దేశపు కంపెనీదే ఈ సాఫ్ట్‌వేర్. ఆ కంప్యూటర్ ముందు ముగ్గురు కూర్చుంటారు. ముగ్గురికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డు. అది కూడా గోడమీది క్యాలెండర్‌పై రాసి పెట్టినారు!

ఒక సాయంత్రం లెక్క చూస్తే నగదు పెట్టెలో 12,150 రూపాయలు తక్కువ. అందరి చూపూ మామ మీదికే పోయింది. ఎందుకో మీకు తెలుసు. మేము ఎరుకలవాళ్లం. బ్రిటిషువాళ్ల నేరస్థ జాతుల చట్టం 1871లో పుట్టి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. అందులో మా తెగను చేర్చినారు. 1952లో చట్టం పోయింది కానీ ఆ చూపు పూర్తిగా పోలేదు.

తొమ్మిది దినాలు మామ సరిగా అన్నం తినలేదు. "నేను తీయలేదురా అబ్బీ, కానీ ఎట్ల చూపించేది?" అన్నాడు. పదో దినం డీజిల్ రశీదు దొరికింది. 13,500 ఇచ్చి, టాలీలో 1,350 అని కొట్టినారు. ఒక సున్నా పోయింది, అంతే! కొట్టింది ఎవరో మాత్రం ఈనాటికీ తెలీదు. ఏ ఎంట్రీ ఎవరు చేసినారో, ఎవరు మార్చినారో చూపించే ఎడిట్ లాగ్ టాలీలో ఉంది. కానీ ముగ్గురిదీ ఒకటే పేరైతే అది ఏం చెప్తుంది?

తర్వాత ఓనరు ప్రొద్దుటూరు నుంచి టాలీ తెలిసిన ఒక అన్నను పిలిపించినాడు. ఆయన చేసింది పక్కన కూర్చుని నోట్సులో రాసుకున్నాను.

1. కంపెనీ వివరాలు మార్చే చోట, వాడేవాళ్లకు హద్దులు పెట్టే సెట్టింగుకు 'ఎస్' అని పెట్టాలి. అక్కడే పెద్ద అధికారి పేరు, పాస్‌వర్డు ఇవ్వాలి. ఆ పేరు ఓనరుది.

2. తర్వాత యూజర్ రోల్స్. అంటే ఎవరి పని ఎంతవరకు అని. మన హాస్టల్లో స్టోరు రూము తాళం వార్డెన్ సారు దగ్గర, వంటింటి తాళం వంట అక్క దగ్గర, హాజరు పట్టీ క్లాసు లీడరు దగ్గర ఉంటాయి కదా, అట్లే. ఒకరు బిల్లు రాయవచ్చు కానీ పాతది మార్చకూడదు. ఇంకొకరు చూడవచ్చు, అంతే. వెనకటి తేదీతో ఎన్ని రోజుల వరకు రాయవచ్చో కూడా చెప్పవచ్చు.

3. ప్రతి మనిషికీ వేరే పేరు, వేరే పాస్‌వర్డు. పాస్‌వర్డు కనీసం ఎన్ని అక్షరాలు ఉండాలి, ఎన్ని రోజులకు మార్చాలి అనేది కూడా పెట్టవచ్చు.

4. టాలీ వాల్ట్ అని ఇంకొక తాళం ఉంది. అది లెక్కలన్నిటినీ రహస్య లిపిలోకి మారుస్తుంది. జాగ్రత్త! ఈ పాస్‌వర్డు మరిచిపోతే ఇక తెరవడానికి దారి లేదు.

చట్టం కూడా ఇదే దారిలో నడుస్తోంది. కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీలు 2023 ఏప్రిల్ 1 నుంచి, ప్రతి మార్పునూ తేదీతో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్‌లోనే లెక్కలు రాయాలి. ఆ గుర్తును ఆపేయడానికి వీలు ఉండకూడదు. మామ పనిచేసేది చిన్న ఫ్యాక్టరీ, దానికి ఈ నియమం లేదు. అందుకే మనమే జాగ్రత్తపడాలి.

పాస్‌వర్డు అంటే మనల్ని నమ్మకపోవడం అని నేను అనుకునేవాణ్ణి. కాదు మిత్రులారా! ఓనరు సొమ్మునే కాదు, పనిచేసేవాని పేరును కూడా అది కాపాడుతుంది. మామకు వేరే పాస్‌వర్డు ఉండి ఉంటే, 1,350 కొట్టింది తాను కాదని మొదటి సాయంత్రమే చూపించేవాడు.

రేపు మనలో చాలామంది ఆఫీసుల్లో, బ్యాంకుల్లో కంప్యూటర్ ముందు కూర్చుంటాం. "నీ పాస్‌వర్డు చెప్పు, నేను చేసేస్తాలే" అని ఎంత మంచి స్నేహితుడు అడిగినా చెప్పవద్దు. మీరే లేచి వచ్చి, మీ చేత్తో చేయండి.

— 10వ తరగతి విద్యార్థి