ఓటుతో వచ్చి, ఫిరంగులకు బెదిరి పారిపోయిన అధ్యక్షుడు

సోవియట్ యూనియన్ నుంచి విడివడిన జార్జియాకు తొలి అధ్యక్షుడు జ్వియాద్ గంసఖుర్దియా. ఆయన పాలన కొద్ది నెలలే. దాని చుట్టూ అల్లుకున్న అపోహలు మాత్రం బోలెడు.

అపోహ: నియంత కదా, గద్దెను లాక్కునే ఉంటాడు.

వాస్తవం: 1991 మే 26న జరిగిన ఎన్నికలో ఆయనకు 86 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. పైగా ఆయన మానవ హక్కుల కోసం సోవియట్ జైలుకు వెళ్లొచ్చిన మనిషి. కానీ పదవిలోకి వచ్చాక తనను కాదన్నవాళ్లకు క్రెమ్లిన్ ఏజెంట్లని ముద్ర వేశాడు. సెప్టెంబర్ 2న రాజధాని త్బిలిసిలో నిరసనకారులపై కాల్పులు జరిగాయి. ప్రతిపక్ష నేత చంతూరియా జైలుపాలయ్యాడు. అంతకుముందే, 1990 డిసెంబర్‌లో, ఆయన నడిపిన పార్లమెంటు జార్జియాలోని దక్షిణ ఒసెతియా ప్రాంతపు స్వయంప్రతిపత్తిని రద్దు చేసింది. నెల తిరక్కుండా అక్కడ నెత్తురు పారింది.

అపోహ: ఆయన్ను కూల్చింది ప్రజాస్వామ్యవాదులు.

వాస్తవం: వీధుల్లోకి వచ్చినవాళ్లలో ప్రజాస్వామ్యం కోరుకున్నవాళ్లూ, మేధావులూ ఉన్నారు, నిజమే. కానీ తుపాకులు వేరేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఒకరు తెంగిజ్ కితోవాని. నేషనల్ గార్డ్ అధిపతిగా నిన్నటిదాకా అధ్యక్షుడి మనిషే. రెండోవాడు జాబా యొసెలియాని. ఒకప్పటి బ్యాంకు దొంగ, తర్వాత నాటక రచయిత, ఆపైన ‘మ్ఖెద్రియోని’ అనే సాయుధ ముఠా నాయకుడు. నవలలో రాస్తే అతిగా ఉందంటారు! 1991 డిసెంబర్ 22 నుంచి రెండు వారాలు త్బిలిసిలోని రుస్తవేలి వీధి రణరంగమైంది. వందమందికి పైగా చనిపోయారు. పార్లమెంటు నేలమాళిగలో తలదాచుకున్న అధ్యక్షుడు 1992 జనవరి 6న దేశం విడిచాడు. అంతకు మూడు రోజుల ముందు ఆయన మద్దతుదారుల సభపై తుపాకులు పేలాయి. కాల్చింది ఆయన పోలీసులు కాదు, విజేతల పక్షం.

అపోహ: అబ్ఖాజియా యుద్ధం ఆయన పుణ్యమే.

వాస్తవం: ఒసెతియా విషయంలో మొండికేసిన ఈయనే 1991లో జార్జియాలోని మరో ప్రాంతమైన అబ్ఖాజియాలో అబ్ఖాజ్ నేతలతో రాజీపడ్డాడు. అక్కడి 65 శాసనసభ స్థానాల్లో 28 అబ్ఖాజ్‌లకు, 26 జార్జియన్లకు, మిగిలిన 11 ఇతరులకు. 1992 ఆగస్టు 14న కితోవాని బలగాలు అబ్ఖాజియాలోకి చొరబడేనాటికి గంసఖుర్దియా ప్రవాసంలో ఉన్నాడు. త్బిలిసిలో సోవియట్ మాజీ విదేశాంగ మంత్రి షెవర్డ్‌నాడ్జే పగ్గాలు పట్టి అప్పటికే నెలలు గడిచాయి. షెవర్డ్‌నాడ్జేను పిలిపించి కూర్చోబెట్టింది ఆ సాయుధ నేతలే. 1995లో ఆయన ప్రభుత్వమే కితోవానినీ, యొసెలియానినీ జైల్లో పెట్టింది.