పనిచోట నేల తుడవడానికి ఏ మాప్ మంచిది?

బషీర్‌బాగ్, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో ఆఫీసులు, క్లినిక్‌లు, కోచింగ్ సెంటర్లు, టిఫిన్ హోటళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ నేల తుడిచే పని చేసేవారు మన సంఘ కుటుంబాల్లో ఉన్నారు, చేయించేవారూ ఉన్నారు. మిగిలినవారమంతా ఆ నేల మీద నడిచేవాళ్లమే. తగని మాప్ వాడితే మురికి ఒక గది నుండి మరో గదికి చేరుతుంది. నేల తడిగా మిగిలితే పెద్దవారు జారిపడతారు. వయసు మళ్లినవారికి తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచాన పడే ప్రమాదం ఉంది.

ముందుగా నేలను చూడండి

మన నగరంలోని పాత కట్టడాల్లో షాబాద్ బండలు, తాండూరు బండలు, మొజాయిక్ ఎక్కువ. కొత్త వాటిలో టైల్స్, గ్రానైట్ కనిపిస్తాయి. గరుకు బండల సందుల్లో మురికి దాగుతుంది. నున్నని టైల్స్ మీద కొద్దిపాటి తడి ఉన్నా కాలు జారుతుంది.

ఏ మాప్ ఎక్కడ వాడాలి?

1. పొడి మాప్: చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి ఆయాసం ఉన్నవారికి ఇబ్బంది కలుగుతుంది. వెడల్పాటి పొడి మాప్ దుమ్మును పైకి లేపకుండా పట్టుకుంటుంది. పెద్ద హాళ్లకు, వరండాలకు మంచిది. పొడిగా దులిపితే దుమ్ము చోటు మారుతుందే గాని పోదని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే తన నర్సింగ్ పుస్తకంలో హెచ్చరించారు. కనుక దీని తర్వాత తడి మాప్ తప్పనిసరి.

2. నూలు దారాల మాప్: నీటిని బాగా పీలుస్తుంది. గరుకు బండలకు, హోటళ్లలో ఒలికినవి ఎత్తడానికి పనికివస్తుంది. అయితే బరువు ఎక్కువ, త్వరగా ఆరదు. పిండే బకెట్ తప్పక ఉండాలి.

3. మైక్రోఫైబర్ మాప్: దీని పోగులు వెంట్రుక కన్నా సన్నగా ఉంటాయి. తక్కువ నీటితోనే మురికిని పట్టేస్తాయి, నేల త్వరగా ఆరుతుంది. క్లినిక్‌లకు, టైల్స్‌కు, గ్రానైట్‌కు ఇది మేలు. బ్లీచింగ్, మరీ వేడినీరు తగిలితే పోగులు పాడవుతాయి. బ్లీచింగ్ వాడవలసిన చోట నూలు మాప్ వాడండి.

4. స్పాంజి మాప్: చిన్న గదులకు చాలు. జనం ఎక్కువగా తిరిగే చోట త్వరగా చిరిగిపోతుంది.

వాడే పద్ధతి

మంచి మాప్ అయినా మురికి నీటిలో ముంచితే ప్రయోజనం లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల కోసం 2015లో వచ్చిన స్వచ్ఛతా మార్గదర్శకాలు మూడు బకెట్ల పద్ధతిని సూచించాయి. ఒకదానిలో సబ్బు నీరు, ఒకదానిలో మంచినీరు, మరొకదానిలో క్రిమిసంహారక ద్రావణం ఉండాలి. మురికి ఉన్నచోట క్రిమిసంహారకం సరిగా పనిచేయదు. అందుకే ముందు సబ్బు నీటితో తుడిచి, మాప్‌ను మంచినీటిలో జాడించి, ఆ తర్వాతే మందు పెట్టాలి. మామూలు ఆఫీసుకు సబ్బు నీరు, మంచినీరు అనే రెండు బకెట్లు సరిపోతాయి. నీరు మురికిగా కనిపించగానే మార్చండి.

మరుగుదొడ్డి మాప్‌ను వేరుగా ఉంచండి. పిడికి ఎర్ర గుడ్డ కడితే ఎవరూ పొరబడరు. పని అయ్యాక మాప్‌ను ఉతికి, గట్టిగా పిండి, ఎండలో వేలాడదీయండి. బకెట్‌లో రాత్రంతా నానితే క్రిములు పెరుగుతాయి, మర్నాడు వాటినే నేలంతా పూసినట్లవుతుంది.

ముఖ్య హెచ్చరిక

బ్లీచింగ్‌ను యాసిడ్‌తో గాని, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో గాని ఎన్నడూ కలపవద్దు. విషపూరితమైన క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పొరపాటున కలిస్తే వెంటనే బయటి గాలిలోకి వచ్చేయండి. దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి వెళ్లండి. షాబాద్, తాండూరు బండలు సున్నపురాయి జాతివి, యాసిడ్ పోస్తే అవి కూడా పాడవుతాయి.

తుడిచేవారి ఆరోగ్యం

పిడి గడ్డం ఎత్తు వరకు ఉంటే నడుం వంచనక్కరలేదు. గ్లవ్స్, జారని చెప్పులు వేసుకోవాలి. లోపలి నుండి గుమ్మం వైపు వెనక్కి నడుస్తూ తుడవాలి. ఆరేవరకు అక్కడ "తడి నేల" అన్న బోర్డు ఉంచాలి.

యజమానులకు ఒక మనవి. మంచి మాప్, పిండే బకెట్, ఒక జత గ్లవ్స్ ఖరీదు, విరిగిన ఎముకకు అయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. వాటిని కొనేముందు రోజూ తుడిచేవారిని ఒక్క మాట అడగండి. ఏ మాప్ బరువో, ఏ మూల నీరు నిలుస్తుందో వారికే బాగా తెలుసు.